మాచు పిచ్చు నేల కింద

పెరూలో ఇన్కాలు మాచు పిచ్చును కట్టిన గట్టు మీద ఏడాదికి సుమారు 1,950 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. కోస్తా ఆంధ్రలో ఏడాది మొత్తం మీద పడే వానకు ఇది దాదాపు రెట్టింపు కాగా, అందులో అధికభాగం అక్టోబరుకూ ఏప్రిల్‌కూ నడుమనే పడిపోతుంది. సముద్రమట్టానికి 2,430 మీటర్ల ఎత్తున, రెండు శిఖరాలను కలుపుతూ సాగే ఆ ఇరుకైన గట్టును మూడు వైపులా చుట్టి, సుమారు 450 మీటర్ల దిగువన ఉరుబాంబ నది పారుతుంది. గట్టు అంచుల నుంచి నది దాకా నేల దాదాపు నిట్టనిలువుగా దిగిపోతుంది. ఇటువంటి చోట ఇంత వాన పడితే పైమట్టి నాని, బరువెక్కి, అడుగునున్న రాతి మీద పట్టు తప్పి, తన మీద ఉన్న సమస్తాన్నీ వెంటబెట్టుకొని జారిపోవడం సహజం; ఆండీస్ పర్వతాలలో వానకాలం వచ్చిందంటే ఎక్కడో ఒకచోట అది జరుగుతూనే ఉంటుంది. అయినా సుమారు ఆరు వందల ఏళ్ల కిందట అక్కడ లేచిన రెండు వందల దాకా కట్టడాలు, గడ్డి కప్పులు పోయినప్పటికీ, పునాదులు కదలకుండా నిలిచే ఉన్నాయి. పైగా ఆ కాలంలో నాలుగు శతాబ్దాల పాటు వాటి బాగోగులు చూసిన ప్రభుత్వమంటూ ఏదీ లేదు.

పెరూ దేశానికి వెళ్లే నేటి యాత్రికుడు ఇన్కాల కట్టడాల నుంచి తెలుసుకోవలసిన విషయం ఈ నిలకడలోనే ఉంది. సాధారణంగా అతణ్ణి అక్కడికి రప్పించేది ఒక ఛాయాచిత్రం: కింద పచ్చని మెట్లు, మధ్యలో బూడిదరంగు గోడలు, వెనుక వైనా పిచ్చు శిఖరం, దాని చుట్టూ మబ్బులు. తెలుగు ప్రేక్షకులలో చాలామందికి ఆ దృశ్యం 2010లో వచ్చిన ‘రోబో’ చిత్రంలోని ఒక పాట ద్వారా పరిచయమే. ఆఫ్రికాలోని కిలిమంజారో పేరెత్తుకొనే పాటను దక్షిణ అమెరికాలో చిత్రీకరించడం సినిమావాళ్లకే చెల్లింది. అయితే ఆ ఛాయాచిత్రంలో కనిపించేది అక్కడ జరిగిన పనిలో చిన్న వాటాయే. అక్కడి నిర్మాణాన్ని కొలతలు వేసి పరిశీలించిన ఇంజనీర్ల అంచనా ప్రకారం, కట్టిన శ్రమలో సుమారు 60 శాతం భూమి పైన లేదు, పునాదులుగానూ నీటిని పంపే ఏర్పాట్లుగానూ నేల లోపల ఉంది.

ఇన్కాలను ప్రాచీనులుగా పేర్కొనడం పర్యాటక పుస్తకాలలో అలవాటైపోయింది గాని, కాలక్రమంలో చూస్తే వారు అంత పాతవారు కారు. కుస్కో లోయలో ఒక చిన్న రాజ్యంగా మొదలై, సంప్రదాయ గణన ప్రకారం 1438లో పచాకుటి అధికారానికి వచ్చినప్పటి నుంచి, ఒక శతాబ్దం తిరగకముందే వారి ఏలుబడి నేటి కొలంబియా దక్షిణపు కొస నుంచి చిలీ మధ్యభాగం వరకు సుమారు 4,000 కిలోమీటర్ల పొడవున పరచుకుంది. నాలుగు భాగాలు కలిసిన రాజ్యమన్న అర్థంలో వారు దానిని తవాంతిన్సుయు అని పిలుచుకున్నారు. శ్రీకృష్ణదేవరాయలు విజయనగరాన్ని ఏలిన 1509–1529 మధ్యకాలంలోనే అక్కడ చక్రవర్తి వైనా కపాక్ పాలన చివరి ఘట్టం నడిచింది. ఆ తరువాత మశూచి, వారసుల అంతర్యుద్ధం, 1532 నవంబరు 16న కహమార్కా పట్టణంలో రెండు వందల మందికి తక్కువైన స్పానిష్ దండుతో వచ్చిన పిజారో చక్రవర్తి అతవాల్పాను బంధించడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. ఇనుము, బళ్లకు చక్రం, బరువులాగే పశువు, కాగితం మీద రాసే లిపి, వీటిలో ఏ ఒక్కటీ లేకుండా అంత రాజ్యాన్ని నడిపినవారు కావడం వల్ల, వారి గురించి తెలుసుకోవడానికి వారి కట్టడాలే ప్రధానమైన దస్తావేజులుగా మిగిలాయి. స్పానిష్ రచయితల వృత్తాంతాలు ఉన్నా, అవి ఎక్కువగా ఓడించినవారి కళ్లతో చూసినవి.

నీటికి దారి

అమెరికాకు చెందిన జలవనరుల ఇంజనీరు కెన్నెత్ రైట్, పెరూ పురాతత్వవేత్త ఆల్ఫ్రెడో వలెన్సియా జెగార్రా 1990ల మధ్య నుంచి కొన్నేళ్ల పాటు మాచు పిచ్చు నీటి వ్యవస్థను అంగుళం అంగుళం కొలిచారు. కొండవాలును మెట్లుగా మలిచి, ప్రతి మెట్టుకూ ముందు రాతి గోడ నిలబెట్టి కట్టిన మెట్ల పొలాలను తవ్వి చూసినప్పుడు, వాటి లోపల ఒక క్రమం బయటపడింది: అన్నిటికన్నా అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, ఆ పైన ఇసుక కలిసిన మట్టి, పైపొరగా సాగుకు పనికివచ్చే సారవంతమైన మట్టి. పూలకుండీ అడుగున పెంకులు పరిచి పైన మట్టి నింపే పద్ధతి తెలిసినవారికి ఈ ఏర్పాటులోని తర్కం వెంటనే బోధపడుతుంది. పైన పడిన వాన మట్టిలో ఇంకి, ఇసుక గుండా నెమ్మదిగా దిగి, రాళ్ల సందులలోకి చేరి, గోడను నెట్టకుండా పక్కకు తప్పుకుంటుంది. మట్టి రేణువుల మధ్య ఖాళీలలో నిండిన నీరు ఆ రేణువుల పరస్పర పట్టును సడలించే ఒత్తిడిని రంధ్రజల పీడనం అంటారు. కొండచరియలు విరిగిపడటానికి చాలా సందర్భాలలో ఇదే మూలం. ఆ పేరు వారికి తెలిసే అవకాశం లేదు గాని, ఆ పీడనం పెరగకుండా చూడటమే మాచు పిచ్చు మేస్త్రీల మొదటి పని అయింది.

ఊరి నడుమనున్న విశాలమైన పచ్చిక మైదానాన్ని యాత్రికులు సాధారణంగా సేద తీరడానికి అనువైన ఖాళీ స్థలంగానే చూస్తారు. దాని కింద, గోడల రాళ్లు చెక్కినప్పుడు రాలిన చెక్కులు మందంగా పరిచి ఉన్నాయి; పనిలో మిగిలిన వ్యర్థం అలా ఊరంతటి వాననీటిని పీల్చుకొనే పొరగా మారింది. గోడలలోనూ మెట్ల పక్కనా నీరు బయటికి పోవడానికి వదిలిన తూములు సుమారు 130 వరకు లెక్కకు వచ్చాయి. గోడ అడుగున చేయి పట్టేంత చదరపు రంధ్రం కనిపిస్తే, దానిని కిటికీ అనో గూడు అనో పొరబడి దాటిపోయేవారే ఎక్కువ. ఆ చిన్న రంధ్రాల వల్లే పక్కనున్న పెద్ద గోడలు నిలిచాయని చెప్పే మార్గదర్శకులు అరుదు.

తాగునీటి సంగతి వేరు. మాచు పిచ్చు పర్వతం ఉత్తరపు వాలులో పుట్టే ఒక ఊటను రాతిగోడతో అదుపు చేసి, అక్కడి నుంచి 749 మీటర్ల పొడవైన రాతి కాలువలో నీటిని ఊరికి తెచ్చి, ఒకదాని కింద ఒకటిగా ఉన్న 16 జలధారల గుండా దింపారు. ఒక్కొక్క ధార దగ్గర కడవ పట్టుకొని నింపుకోవడానికి వీలుగా నీరు సన్నని పాయగా రాతి గాడి నుంచి దూకుతుంది. వరుసలో మొదటి ధార రాజుగారి నివాసం పక్కనే ఉంది. అంటే అందరికన్నా ముందు, ఎవరి చేతులూ పడని నీరు ఆయనకు అందేది. వర్గభేదం వాలు మీద ఎంత స్పష్టంగా రాసి ఉంటుందో చూడాలంటే ఆ పదహారు ధారల వెంట మెట్లు దిగితే చాలు.

ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉంది. ఆ మెట్ల పొలాలలో పండే పంట అక్కడ నివసించిన కొన్ని వందల మందికి సరిపోయేది కాదని రైట్ బృందం లెక్కలు తేల్చాయి. తిండిలో కొంత భాగం బయటి లోయల నుంచి రావలసిందే. కాబట్టి చిత్రాలలో పొలాలుగా కనిపించే ఆ మెట్లు పంటల కోసమే కట్టినవి కావు, కొండను కొండగా నిలబెట్టడానికీ కట్టినవి. బ్రెజిల్ భూగర్భశాస్త్రవేత్త రువాల్దో మెనెగాట్ 2019లో ప్రతిపాదించిన వాదం ఈ చిత్రానికి మరో పొరను చేర్చింది. భూమి పొరలు పగిలి కదిలిన గీతలను భ్రంశాలు అంటారు. అటువంటివి కొన్ని ఒకదానినొకటి ఖండించే చోటునే ఇన్కాలు కావాలని ఎంచుకున్నారనీ, సుమారు 25 కోట్ల ఏళ్ల నాటి ఆ గ్రానైటు రాయి అక్కడ ముందే పగుళ్లుబారి ఉండడం వల్ల రాళ్లు విడదీసే శ్రమ తగ్గిందనీ, అదే పగుళ్లు వాననీటిని లోతుకు పీల్చుకోవడానికి తోడ్పడ్డాయనీ ఆయన అభిప్రాయం. స్థలాన్ని ఎన్నుకొన్న కారణాలలో మతమూ రాజసమూ లేవని దీని అర్థం కాదు. పవిత్రమైన చోటే పని సులువుగా సాగే చోటు కూడా అయితే కట్టేవాడికి అంతకన్నా కావలసిందేముంటుంది?

హైరమ్ బింగమ్ అనే అమెరికన్ అధ్యాపకుడు 1911 జులై 24న అక్కడికి చేరినప్పుడు, ఆ మెట్లలో కొన్నింటిని శుభ్రం చేసుకొని స్థానిక రైతు కుటుంబాలు సాగు చేసుకుంటున్నాయి. అతనికి దారి చూపినదీ స్థానికుడే, గోడల మీద 1902 నాటి తేదీతో పేరు రాసి వెళ్లినదీ కుస్కో ప్రాంతానికే చెందిన అగుస్తీన్ లిజారాగ. ‘కోల్పోయిన నగరాన్ని కనుగొన్నాడు’ అన్న కథకు ఇంతకు మించిన ఖండన అక్కర్లేదు. బింగమ్ అక్కడి నుంచి యేల్ విశ్వవిద్యాలయానికి తరలించిన వస్తువులు, ఎముకలు సుదీర్ఘ వివాదం తరువాత 2011, 2012 సంవత్సరాలలో పెరూకు తిరిగివచ్చి ఇప్పుడు కుస్కోలోని ప్రదర్శనశాలలో ఉన్నాయి. ఆ ఎముకల మీద జరిగిన పరిశోధనలు ఊరి చరిత్రను కొంత సవరించాయి. 2021లో వెలువడిన రేడియోకార్బన్ కాలనిర్ణయం ప్రకారం మాచు పిచ్చులో మనుషులు నివసించిన కాలం సుమారు 1420 నుంచి 1530 వరకు. అంటే ఆ ఊరిని కట్టించాడని చెప్పే పచాకుటి అధికారంలోకి వచ్చిన ఏడాదినే బహుశా కొంత వెనక్కు జరపవలసి ఉంటుంది. 2023లో ప్రచురితమైన జన్యు అధ్యయనం, అక్కడ పాతిపెట్టిన 34 మంది అవశేషాలను పరిశీలించి, వారి మూలాలు సముద్రతీరం, ఎత్తైన పీఠభూములు, అమెజాన్ అడవులు సహా సామ్రాజ్యం నలుమూలలా ఉన్నాయని తేల్చింది. ఇది రాజు విడిది చేసే ఎస్టేటు. వారు అక్కడ ఏడాది పొడవునా ఉండి దానిని నడిపిన పరిచారకులు. వారి సమాధుల దగ్గర ఆగేవారు అరుదు.

రాయికి రాయి

కుస్కో వీధులలో నడిచే ప్రతి యాత్రికుడూ ఏదో ఒక గోడ ముందు నిలబడి, రెండు రాళ్ల మధ్య కత్తిమొన కూడా దూరదన్న మాట వినే తీరతాడు. మాట చాలావరకు నిజమే గాని, దాని వెంటనే వచ్చే ‘ఎలా చేశారో ఎవరికీ తెలియదు’ అన్న మాట నిజం కాదు. వాస్తుశిల్ప ఆచార్యుడు జాన్-పియెర్ ప్రొట్జెన్ 1980లలో ఇన్కాల రాతి గనులకు వెళ్లి, అక్కడ పడి ఉన్న గుండ్రని గట్టి రాళ్లను చూసి, అవే వారి సుత్తులని గుర్తించి, వాటితో తానే ఆండిసైట్ అనే అగ్నిశిలను చెక్కి చూశాడు. సుత్తిరాయిని ఏటవాలుగా జారవిడిస్తే అది తన బరువుతోనే రాతిని చిన్న రేణువులుగా రాలుస్తుంది. అంచుల దగ్గర చిన్న సుత్తిరాయితో మెల్లగా కొట్టాలి. చిన్న బండరాయి ఒకదాని మూడు ముఖాలు చదును చేయడానికి ఆయనకు గంటన్నర కూడా పట్టలేదు. ఇన్కా గోడను దగ్గరగా చూస్తే రాతి ముఖం మధ్యలో పెద్ద గుంటలు, అంచుల వైపు సన్నని గుంటలు కనిపిస్తాయి. ఆయన చెక్కిన రాతి మీదా అవే గుర్తులు పడ్డాయి. పైవరుస రాయి కూర్చోవడానికి అనువుగా కింది వరుస రాయి పైభాగాన్ని తొలిచి, ఆనించి చూసి, తిరిగి ఎత్తి, మళ్లీ తొలిచి, ఇలా ఓర్పుగా సరిచేసుకుంటూ పోవడమే ఆ అతుకుల వెనుకనున్న మర్మం.

ఓయాంతాయ్‌తాంబో కోటలోని సూర్యాలయానికి వాడిన గులాబీరంగు రయొలైట్ రాళ్లు లోయకు అవతల, నదికి ఆవలి ఒడ్డునున్న కాచికాతా గని నుంచి వచ్చాయి. అవి కొండ దిగి, నది దాటి, మళ్లీ ఎదురు కొండ ఎక్కవలసివచ్చింది. దారి మధ్యలో ఆగిపోయిన భారీ రాళ్లు నేటికీ అక్కడే పడి ఉన్నాయి. స్థానికులు వాటిని అలసిన రాళ్లు అంటారు. గ్రహాంతరవాసులు కట్టారనే పుస్తకాలు రాసేవారికి ఆ రాళ్లు ఎందుకో కనిపించవు. ఏ వింత శక్తో రాళ్లను గాలిలో తేల్చి ఉంటే కొన్నింటిని దారిలో వదిలివేయవలసిన అవసరం రాదు. మనుషులు తాళ్లు కట్టి లాగితేనే, రాజు మారినప్పుడో యుద్ధం వచ్చినప్పుడో పని సగంలో ఆగుతుంది. ఆ మనుషులు పన్ను కింద డబ్బుకు బదులు శ్రమను చెల్లించే మీతా విధానంలో వంతులవారీగా వచ్చినవారు. వారు చేసిన పనిని వేరెవరికో కట్టబెట్టడం విజ్ఞానలోపమే కాక, వారి సంతతిగా ఈనాటికీ కెచువా మాట్లాడుతున్న లక్షలాది మందికి చేసే అవమానం కూడా.

భూకంపాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నాజ్కా ఫలకం దక్షిణ అమెరికా ఖండం కిందికి చొచ్చుకుపోతూ ఉండటం వల్ల ఆండీస్ ప్రాంతం తరచుగా కంపిస్తుంది. కుస్కోలో ఇన్కాల ప్రధాన సూర్యాలయమైన కోరికాంచ గోడల మీద స్పానిష్‌వారు సాంతో దొమింగో మఠాన్ని కట్టారు. 1650లోనూ, 1950 మే 21న కూడా వచ్చిన భూకంపాలలో పైనున్న మఠం దెబ్బతినగా, కిందనున్న ఇన్కా గోడలు నిలిచాయి. రెండోసారి మఠం కూలినచోట అప్పటివరకు కప్పి ఉన్న ఇన్కా గోడలు వెలుగులోకి వచ్చాయి. కారణాలు ఊహకందనివి కావు: గోడలు అడుగున వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ లోపలికి ఒరుగుతాయి, తలుపులు, కిటికీలు, గూళ్లు కింద వెడల్పు, పైన ఇరుకుగా ఉండే సమలంబ చతుర్భుజాకారంలో ఉంటాయి, సున్నమో అడుసో లేని అతుకులలో రాళ్లు కంపన సమయంలో కొద్దిగా కదిలి, శక్తిని ఘర్షణగా ఖర్చు చేసి, మళ్లీ తమ చోట కూర్చుంటాయి. అయితే ఇన్కాలు కట్టినదంతా ఇంత నునుపైన పనేనని అనుకోవడం పొరబాటు. నునుపైన గోడలు గుళ్లకూ రాజులకూ. మామూలు ఇళ్లు, గాదెలు, చాలా మెట్లు దొరికిన రాళ్లను బంకమట్టితో పేర్చి కట్టినవే. కుస్కో పట్టణంలోని పన్నెండు కోణాల రాయి ముందు నిలిచే జనం, ఆ మామూలు గోడల ముందు నిలవరు.

గాదెలు, గడ్డి వంతెన

అంతటి శ్రామికసేనకు తిండి పెట్టాలంటే పంటను ఏళ్ల తరబడి నిలవ చేయగలగాలి. కోల్కాలు అని పిలిచే రాతి గాదెలను ఇన్కాలు కొండవాలుల మీద, గాలి బాగా తగిలే చోట వరుసలుగా కట్టారు. మధ్య పెరూలోని వానుకో పంపా అనే పాలనాకేంద్రం పక్క కొండ మీద దాదాపు 500 గాదెల ఆనవాళ్లు ఉన్నాయి. అక్కడ గుండ్రని గాదెలలో మొక్కజొన్న, దీర్ఘచతురస్రాకారపు గాదెలలో దుంపలు నిలవ చేశారని తవ్వకాలు సూచించాయి. దుంపలు కుళ్లకుండా ఉండటానికి వారికి తెలిసిన మార్గం నేటికీ అల్తిప్లానో పీఠభూమి మీద కనిపిస్తుంది. జూన్, జులై నెలల గడ్డకట్టే రాత్రులలో బంగాళాదుంపలను ఆరుబయట పరిచి, పగటి ఎండకు మెత్తబడ్డాక కాళ్లతో తొక్కి నీరు పిండి, మళ్లీ చలికి, మళ్లీ ఎండకు వదిలితే చివరకు తేలికైన, గట్టి, నల్లని ముక్క మిగులుతుంది. దీనిని చూన్యో అంటారు; చలిలో గడ్డకట్టించి నీరు తీసివేసే నేటి ఆహార పరిశ్రమ పద్ధతికి ఇది యంత్రాలు లేని పూర్వరూపం.

మెట్ల పొలాలు కూడా ఈ చలితోనే తలపడ్డాయి. పగలంతా ఎండకు వేడెక్కిన రాతి గోడ రాత్రి ఆ వేడిని మెల్లగా వదలడం వల్ల పక్కనున్న మొక్కకు మంచు దెబ్బ తగ్గుతుంది. కుస్కోకు వాయవ్యాన మోరాయ్ వద్ద గిన్నెలా లోపలికి దిగే గుండ్రని మెట్లలో ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క ఉష్ణోగ్రత ఉండటం చూసి, అది పంటలను పరీక్షించే క్షేత్రమై ఉంటుందని కొందరు పరిశోధకులు వాదించారు, పూజాస్థలమన్నవారూ ఉన్నారు. మార్గదర్శకులు మొదటి మాటను నిర్ధారితమైన సత్యంలా చెబుతారు గనుక వినేవారు కాస్త జాగ్రత్తగా వినాలి. ఆండీస్ పంటలు తెలుగు నేలకు కొత్త కావు. వేరుశెనగ ఆండీస్ తూర్పు పాదాల ప్రాంతాన్ని పుట్టిల్లుగా చెప్పుకొనేదే; వేరుశెనగ రకాల విత్తనాలను భద్రపరిచే ప్రపంచస్థాయి నిధులలో ఒకటి హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ఉంది. ఇన్కాల మెట్లు చూసి వచ్చిన అనంతపురం రైతుబిడ్డ అక్కడి సంతలో వేరుశెనగ కాయలు చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. ప్రయాణం చేసి వచ్చినవి మన చేలలోనివే.

ఈ గాదెల లెక్కలు కిపులలో ఉండేవి. ఒక ప్రధాన తాడుకు వేలాడగట్టిన సన్నని దారాల మీద ముడుల స్థానం, రకం, దారపు రంగు ఆధారంగా సంఖ్యలను నమోదు చేసే సాధనం కిపు. అందులోని పదుల స్థానవిలువ పద్ధతిని లెలాండ్ లాక్ 1912లో విప్పి చూపాడు. సంఖ్యలు కాక కథలు, పేర్లు కూడా వాటిలో ఉన్నాయా అన్న ప్రశ్న మీద పరిశోధన సాగుతూనే ఉంది. లీమా నగరంలోని లార్కో ప్రదర్శనశాలలో కిపును చూసిన తరువాత గాదెల వరుసను చూసిన యాత్రికుడికి, ఆ కొండ ఒక లెక్కల పుస్తకంలోని పేజీగా అర్థమవుతుంది.

గాదెలను, పట్టణాలను కలిపినది కపాక్ న్యాన్ అనే రాజమార్గాల వ్యవస్థ. దాని పొడవు 30,000 కిలోమీటర్లకు పైమాటే, 2014లో ఆరు దేశాలు కలిసి దానిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్పించాయి. చక్రం లేదు గనుక ఏటవాలు రోడ్లు అవసరం లేక, నిట్రమైన చోట నేరుగా మెట్లే కట్టారు. మనిషి, పాతిక ముప్పై కిలోల బరువు మోసే లామా వాటిని ఎక్కగలరు, స్పానిష్ గుర్రాలు మాత్రం తడబడ్డాయి. లోయలు దాటడానికి గడ్డి వంతెనలు వేశారు. వాటిలో కెస్వాచాకా వంతెన ఒక్కటి అపూరిమాక్ నది మీద ఇప్పటికీ ఉంది. ‘ఇప్పటికీ ఉంది’ అనడంలో కొంత సర్దుబాటు అవసరం, ఎందుకంటే ఆ వంతెన వయసు మామూలుగా ఏడాది దాటదు. ప్రతి జూన్ నెలలో చుట్టుపక్కల నాలుగు గ్రామాలవారు కోయా అనే పొడవైన గడ్డిని కోసి, నానబెట్టి, దంచుతారు. స్త్రీలు దానిని సన్నని తాళ్లుగా పేనుతారు, పురుషులు ఆ తాళ్లను కలిపి మోకులుగా, మోకులను జడల్లా అల్లి తొడంత లావు తాళ్లుగా చేస్తారు. నాలుగు తాళ్లు అడుగుకు, రెండు చేతిపట్టుకు లాగి కట్టి, పాత వంతెనను తెంచి నదిలో వదిలేస్తారు. సుమారు 28 మీటర్ల ఆ వంతెనను మోసే బలం ఒక్క గడ్డిపరకలోనూ లేదు; పేనినప్పుడు పరకలు ఒకదాన్నొకటి నొక్కుకోవడంలో పుట్టే ఘర్షణలో ఉంది. 2013లో యునెస్కో ఈ విద్యను అమూర్త వారసత్వంగా గుర్తించింది. కోవిడ్ కారణంగా 2020లో కొత్త వంతెన వేయలేకపోగా, 2021 మార్చిలో పాతది తెగి నదిలో పడింది. అదే ఏడాది జూన్‌లో గ్రామస్థులు దానిని తిరిగి కట్టారు.

బాగుచేసుకుంటూ ఉంటే పనికివస్తూనే ఉంటాయన్న ఈ తర్కం రాతి కట్టడాలకూ వర్తిస్తుంది. పురాతత్వవేత్త యాన్ కెండాల్ 1970ల చివరి నుంచి కుస్కో ప్రాంతంలోని కుసిచాకా లోయలో పనిచేసి, పాడుబడిన ఇన్కా కాలువను, మెట్లను స్థానిక రైతులతో కలిసి బాగుచేయించి మళ్లీ సాగులోకి తెచ్చారు. ఓయాంతాయ్‌తాంబో ఊరిలో ఇన్కాలు వేసిన వీధుల పక్కన, వారు తవ్విన కాలువలలో నీరు ఈ రోజుకూ పారుతుంది, ఆ ఇళ్లలో జనం కాపురముంటున్నారు.

అడుగుల బరువు

యాత్రికుడి శరీరానికి కూడా ఈ కట్టడాలు ఒక పాఠం చెబుతాయి. కుస్కో 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలిలో ఆక్సిజన్ నిష్పత్తి మారదు గాని, వాయుపీడనం సముద్రతీరంతో పోలిస్తే మూడింట రెండు వంతులే కావడం వల్ల ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. తలనొప్పి, వికారం, నిద్రలేమిగా కనిపించే ఈ పర్వత రుగ్మతను అక్కడివారు సోరోచే అంటారు. మాచు పిచ్చు కుస్కో కన్నా దాదాపు వెయ్యి మీటర్ల దిగువన ఉంది గనుక, విమానం దిగగానే ఉరుబాంబ లోయలోకి వెళ్లి, అక్కడ ఒకటి రెండు రోజులు గడిపాక కుస్కోకు రావడం వివేకం. తరతరాలుగా ఆ ఎత్తున ఉన్న ఆండీస్ ప్రజల రక్తంలో హిమోగ్లోబిన్ ఎక్కువ. ఆ సర్దుబాటు అతిగా సాగినప్పుడు వచ్చే వ్యాధిని పెరూ వైద్యుడు కార్లోస్ మోంగె 1920లలో వర్ణించాడు. సోరోచేకు ఉపశమనమని హోటళ్లలో ఇచ్చే కోకా ఆకు టీ అక్కడ చట్టబద్ధమే. భారతదేశపు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మాత్రం కోకా ఆకును నిషేధించింది గనుక, జ్ఞాపికగా ఒక పొట్లం సంచిలో వేసుకొని శంషాబాద్‌లో దిగడం తెలివైన పని కాదు.

కట్టడాల మీద యాత్రికుడి ప్రభావం ఇంతకన్నా పెద్ద విషయం. కొన్ని వందల మంది ఉండటానికి కట్టిన ఊరికి ఇప్పుడు రోజుకు 4,500 మందిని, రద్దీ రోజులలో 5,600 మంది దాకా అనుమతిస్తున్నారు. 2000 సంవత్సరంలో ఒక వాణిజ్య ప్రకటన చిత్రీకరణలో క్రేన్ పడి ఇంతివతానా అనే పవిత్రశిల అంచు విరిగింది. అంతకన్నా మెల్లగా జరిగే హాని పాదాల వల్ల వస్తుంది: వేల అడుగులు తొక్కిన మట్టి గట్టిపడి నీటిని పీల్చుకోదు, పీల్చుకోని నీరు పైపైనే పారి, రాళ్ల కీళ్లలోని మట్టిని కడిగేస్తుంది. ఇన్కాల ఇంజనీర్లు వానను లెక్కలోకి తీసుకున్నారు, చెప్పుల బరువును తీసుకోలేదు. అందుకే ఇప్పుడు నిర్ణీత మార్గాలు, నిర్ణీత గంటలు, కొన్ని గుళ్ల దగ్గర నిమిషాల లెక్కన అనుమతి వచ్చాయి. మాచు పిచ్చుకు కాలినడకన చేరే ఇన్కా బాటను ప్రతి ఫిబ్రవరిలో మూసివేసి మరమ్మతు చేస్తారు, మార్గదర్శకులు, కూలీలతో కలిపి రోజుకు 500 మందికి మించి ఆ బాట మీదికి వెళ్లనివ్వరు.

2010 జనవరిలో కురిసిన భారీ వానలు రెండు కాలాల నిర్మాణాలనూ ఒకేసారి పరీక్షించాయి. ఉరుబాంబ పొంగి, రైలుమార్గం కొట్టుకుపోయి, నది ఒడ్డున పర్యాటకుల కోసమే పెరిగిన ఆగ్వాస్ కాల్యెంతెస్ ఊరిలో వేలమంది చిక్కుకోగా, హెలికాప్టర్లతో వారిని బయటికి తీసుకురావలసి వచ్చింది. పైన గట్టు మీదనున్న ఇన్కాల ఊరు నీటిని ఎప్పటిలాగే తూముల గుండా దింపేసింది. వరదనీరు చేరే చోట ఊరు కట్టకూడదన్న జ్ఞానం ఆ గోడలలోనే ఉన్నా, దానిని చూడటానికి వచ్చేవారి కోసం కట్టిన హోటళ్లు సరిగ్గా అక్కడే లేచాయి.

ఎక్కడ కట్టాలన్న ఇదే ప్రశ్న ఇప్పుడు కుస్కోకు దగ్గరలోని చించేరో పీఠభూమి మీదికి మారింది. ఇన్కా చక్రవర్తి తూపాక్ ఇన్కా యుపాంకి ఎస్టేటు మెట్లు, గోడలు ఉన్న ఆ పట్టణం పక్కన, సుమారు 3,700 మీటర్ల ఎత్తున, యాత్రికులను నేరుగా దింపడానికి అంతర్జాతీయ విమానాశ్రయం పని 2019లో మొదలైంది. చరిత్రకారులు, పురాతత్వవేత్తలు దానిని వ్యతిరేకించారు. ఉపాధి వస్తుందని స్వాగతించిన స్థానికులూ ఉన్నారు, వారి వాదనను తేలికగా తీసిపారేయడం దూరం నుంచి వచ్చేవారికి తగదు. వ్యతిరేకించినవారు ఎత్తిచూపిన అంశాలలో గట్టిది మాత్రం గోడల గురించినది కాదు, నీటి గురించినది: కుస్కో నగరానికి తాగునీరు అందించే ముఖ్యమైన వనరులలో ఒకటైన పియురాయ్ సరస్సు పరీవాహక ప్రాంతం ఆ పీఠభూమి మీదనే ఉంది, కొత్త హోటళ్లు, ఇళ్లు దాని చుట్టూ పెరిగితే నగరానికి రావలసిన నీరు ఎంత తగ్గుతుందన్నది ఇంకా తేలవలసి ఉంది.